మూడు వారాలకొక శనివారం

నాకు పదేళ్లున్నప్పుడు నా కుడిచెయ్యి నా మాట వినడం మానేసింది.

అప్పుడు మేం రాయచూరు దగ్గరి చిక్కసూగూరు నుంచి రెండు మైళ్లు లోపలికి ఉన్న పల్లెలో ఉండేవాళ్లం. నాన్న అమరప్పకు రెండెకరాల చెలక ఉండేది. అందులో పని లేని రోజుల్లో అమ్మా నాన్నా కూలికి పోయేవారు. నన్ను చూసుకునేది నాన్న తల్లి, మా అవ్వ మారెవ్వ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో ఉర్దూ. మా ఊరి పిల్లలందరికీ ఈ మూడూ ఒకే నోట్లో ఉండేవి. ఏ మాట ఏ భాషదో అడిగితే మాత్రం తెల్లముఖం వేసేవాళ్లం.

మొదట చేతిలోని వస్తువులు జారిపడడం మొదలైంది. ఒకరోజు మజ్జిగ చెంబు. ఇంకోరోజు అవ్వ రొట్టెలు తడుతుంటే నేను అందించిన జొన్నపిండి గిన్నె. పిండంతా పొయ్యి ముందర పరుచుకుంది. "చూపు ఎక్కడ పెట్టి నడుస్తున్నవే మాదీ?" అని అమ్మ కసిరింది. నా పేరు మహాదేవి. ఇంట్లో అందరికీ మాదినే. నేను చూపు సరిగ్గానే పెట్టాను. చెయ్యే ఒక్కసారిగా పక్కకు విసురుకుంది, ఎవరో మోచెయ్యి తట్టినట్టు. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు.

తర్వాత అది భుజానికి పాకింది. ఊరికే కూర్చున్నా భుజం ఎగిరేది. నోరు ఒక పక్కకు లాగేది. కనుబొమలు పైకి లేచేవి. కారణం లేకుండా ఏడుపొచ్చేది, ఆ ఏడుపులోనే నవ్వూ వచ్చేది. అమ్మవారు పూనుతోందని ఒకరన్నారు. జడుసుకున్నదని ఇంకొకరన్నారు. నాన్న ఎక్కడికో పోయి తాయత్తు తెచ్చి మెడలో కట్టాడు. ఆ తాయత్తు కూడా నా భుజంతో పాటే ఎగిరేది.

బడిలో మా సారు రామలింగయ్య. ఆయనది రాయచూరు. మా ఊళ్లోనే చిన్న గది తీసుకుని ఉండేవారు. శనివారం ఒంటిపూట బడి అయ్యాక ఇంటికి పోయి సోమవారం పొద్దున్నే వచ్చేవారు. ఆయనకు చేతిరాత అంటే ప్రాణం. ఐదో తరగతిలో నా అక్షరాలు బాగుంటాయని నేను రాసిన కాగితాన్ని గోడకు అంటించి, "ఇట్లా రాయండి" అని అందరికీ చూపించేవారు. అలాంటి నా రాత నెల తిరిగేసరికి కోడి కెలికినట్టయింది. పొగరు నెత్తికెక్కిందని ఆయన అనుకున్నారు.

ఆ రోజు ప్రార్థనలో నేను మొదటి వరుసలో నిలబడ్డాను. సారు ఎదురుగా ఉన్నారు. ఉన్నట్టుండి నా నోరు వంకర పోయింది, నాలుక బయటికొచ్చి లోపలికి పోయింది. వెనక పిల్లలు పకపకా నవ్వారు. సారు ముఖం ఎర్రబడింది.

"నన్నే ఎక్కిరిస్తున్నవా?"

"లేదు సార్."

"మరి ఎందుకు గిట్ల చేస్తున్నవ్?"

"నేను చేస్తలేను సార్. అదే అయితున్నది."

ఆయన బెత్తం తెమ్మన్నారు. కుడిచెయ్యి చాపమన్నారు. చాపిన చెయ్యి నిలవదే! పక్కకు పోతుంది, వెనక్కి పోతుంది. దెబ్బ తప్పించుకుంటున్నానని ఆయన అనుకున్నారు. రెండు వేయాల్సినవి నాలుగు వేశారు. నేను ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాను. ఆ నవ్వుకు ఇంకో రెండు.

ఇంటికి వచ్చి అవ్వకు చెయ్యి చూపించాను. కొబ్బరినూనె రాసి, నన్ను తన పక్కన పడుకోబెట్టుకుంది. అవ్వ మాటలు తక్కువ మనిషి. చూపు మాత్రం ఎక్కువ. మేక ఈనేముందు అది నిలబడే తీరు చూసి ఏ పూటకు ఈనుతుందో చెప్పేది.

తర్వాత జరిగినది నేను చూడలేదు. అవ్వ చెప్పగా విన్నదే. మర్నాడు నేను బడికి పోలేదు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాను. అవ్వ నేరుగా బడికి పోయి గుమ్మంలో నిలబడిందట.

"సారూ, నువ్వొకసారి మా ఇంటికి రావాలె."

"ఎందుకు మారెవ్వా? పిల్లకు జ్వరమొచ్చిందా?"

"నువ్వు రా. వచ్చినంక నీకే తెలుస్తది."

సారు వచ్చారు. అవ్వ ఆయన్ని నా మంచం పక్కన పీట మీద కూర్చోబెట్టింది. నేను ఆదమరచి నిద్రపోతున్నాను. చేతులు రెండూ కడుపు మీద కదలకుండా ఉన్నాయి. ముఖం ప్రశాంతంగా ఉంది. అలా చాలాసేపు కూర్చున్నారట ఇద్దరూ. తర్వాత అవ్వ నా కాలు మెల్లగా తట్టింది. నేను కళ్లు తెరవకముందే చెయ్యి ఎగిరింది. తర్వాత భుజం. తర్వాత నోరు.

"చూసినవా సారూ?" అందట అవ్వ. "ఇంకా కండ్లన్న తెరవలే. ఎదురుంగ నువ్వున్నవని దానికి తెల్వదు. ఎవర్ని ఎక్కిరిస్తున్నది?"

నేను కళ్లు తెరిచేసరికి సారు మా ఇంట్లో పీట మీద కూర్చుని ఉన్నారు. నాకు భయమేసి లేవబోయాను. ఆయన లేవొద్దని చెయ్యి ఊపారు. ఆయన కళ్లు నా అరచేతి మీద ఉన్నాయి. వాతలు అప్పటికి నీలంగా తేలాయి.

"రేపు శనివారం," అన్నారు అవ్వతో. "బడి అయినంక రాయచూరుకు పోదాం. పెద్ద డాక్టరమ్మ ఉన్నది. నువ్వు కూడ రా అవ్వా."

ఆ డాక్టరు పేరు సత్యభామ. పిల్లల డాక్టరు. బజారులో వాళ్లవాళ్లకు బట్టల దుకాణం ఉండేది, అందుకే తెలుగు బాగా మాట్లాడేది. ఆమె నన్ను చూసిన తీరు నాకిప్పటికీ గుర్తుంది. సూది లేదు, గొట్టం లేదు. ముందుగా తన రెండు వేళ్లు నా చేతిలో పెట్టి గట్టిగా పట్టుకోమంది. పట్టుకున్నాను. బిగించిన పట్టు నాకు తెలియకుండానే వదులై, మళ్లీ బిగిసి, మళ్లీ వదులైంది.

"పాలు పిండుతున్నట్టుంది కదా?" అంది సారుతో. "పట్టు నిలవదు. ఈ జబ్బుకు ఇదొక గుర్తు."

నాలుక చాపి ఉంచమంది. ఉంచలేకపోయాను. చేతులు తలపైకి ఎత్తమంది. ఎత్తితే అరచేతులు బయటికి తిరిగిపోయాయి. ఒక కాగితం మీద నా పేరు రాయమంది. రాసి, సిగ్గుతో కాగితం మడిచేశాను. ఆమె విప్పి చూసి జాగ్రత్తగా నా చీటీకి జతచేసింది.

"నాలుగైదు నెలల కింద గొంతు నొప్పి వచ్చిందా? జ్వరం?"

వచ్చింది. దసరాకు ముందు. ఉప్పునీళ్లు పుక్కిలించి ఊరుకున్నాం.

"ఒంటి మీద ఏమన్నా మచ్చలు?"

"లేవు" అన్నారు సారు. అవ్వ అడ్డొచ్చింది.

"ఉన్నయి."

అందరం ఆమెవైపు తిరిగాం.

"నీళ్లు పోసేటప్పుడు వస్తయి డాక్టరమ్మా. వేడినీళ్లు పోస్తే వీపు మీద, కడుపు మీద లేస్తయి. గాజుల లెక్క. అంచు రాగి రంగు, నడుమ మామూలు తోలే. దురద లేదు, మంట లేదు. పొద్దుగూకేసరికి ఒక్కటి కూడ ఉండదు. తామర అనుకుంటి. తామరైతే పొద్దుకొక చోటికి ఎట్ల నడుస్తది?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. నర్సును పిలిచి వేడినీళ్లు, తువ్వాలు తెప్పించింది. పిండిన తువ్వాలు నా వీపు మీద పరిచి, కాసేపు ఆగి తీసింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో చూసింది. నా వీపు నాకు కనబడలేదు. కానీ ఆమె వేలు చర్మం మీద మెల్లగా ఒక చుట్టు గీయడం తెలిసింది. దాని పక్కనే ఇంకో చుట్టు.

"అవ్వా," అంది, "నేను చదువుకున్నప్పటినుంచి ఈ వలయాలు పుస్తకంలో చూసిందే ఎక్కువ. మన పిల్లల రంగు మీద ఇవి అంత తొందరగా కనబడవు. నువ్వు ఎట్ల కనిపెట్టినవ్?"

"నీళ్లు పోసేది నేనే కద," అంది అవ్వ.

అప్పుడు ఆమె గుండె విన్నది. చాలాసేపు. విని, మాకు అర్థమయ్యేలా చెప్పింది. గొంతులో వచ్చిన ఆ జబ్బు గొంతులో ఆగదట. దాన్ని కొట్టడానికి లేచిన ఒంటి సైన్యం, దారి తప్పి సొంత మనిషినే కొడుతుందట. కొందరికి కీళ్లు వాస్తాయి. కొందరికి మెదడులో కదలికల్ని అదుపు చేసే చోటు దెబ్బతిని ఇలా చేతులూ ముఖమూ ఆడతాయి. కొందరికి తోలు మీద చుట్లు తేలుతాయి. ఇవన్నీ పోతాయి, మచ్చ కూడా మిగలదు. గుండెకు తగిలిన దెబ్బ మాత్రం మిగులుతుంది. నా గుండెలో ఒక తలుపు పూర్తిగా మూసుకోవడం లేదంది.

"చెయ్యి సంగతికి భయపడొద్దు. మాత్రలిస్తా, మూడు నాలుగు నెలల్ల నిలబడుతుంది. కాని మళ్లీ గొంతు జబ్బు రాకుండ చూసుకోవాలె. వస్తే ఇదంతా మళ్లీ వస్తది, గుండె ఇంకింత చెడుతది. అందుకని మూడు వారాలకొక సూది. ఒక్కటి కూడ తప్పొద్దు."

"ఎన్ని రోజులమ్మా?" అడిగింది అవ్వ.

"పిల్లకు ఇరవై ఐదేళ్లు వచ్చేదాక."

అవ్వ వేళ్లు మడిచి లెక్క వేయబోయి, ఆపేసింది. సారు డాక్టరమ్మవైపు తిరిగారు.

"డాక్టరుగారూ, ఈ పిల్లను నేను కొట్టిన. మొన్న. చెయ్యి నిలపలేదని. దానివల్ల ఏమన్నా…"

డాక్టరమ్మ నా అరచెయ్యి చూసింది. "జబ్బు దానివల్ల పెరగదు," అంది. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ఏదైనా అని ఉంటే బాగుండేదని సారు తర్వాతెప్పుడో నాతో అన్నారు.

సోమవారం బడికి వెళ్తే సారు నన్ను తన బల్ల పక్కన కూర్చోబెట్టుకున్నారు. పాఠం అంతా అయ్యాక తరగతిలో లేచి నిలబడి, "మహాదేవికి ఒంట్లో బాగలేదు. అది తెలుసుకోకుండ నేను కొట్టిన. తప్పు చేసిన. దాన్ని చూసి ఎవరూ నవ్వొద్దు" అన్నారు కన్నడంలో. సారు తప్పు చేశాననడం మేం అంతకుముందెప్పుడూ వినలేదు. నాకు సిగ్గేసింది. తల వంచుకుని నా కాళ్లు చూసుకుంటూ కూర్చున్నాను.

చిక్కసూగూరులో సూదులు వేసే మనిషి ఒకాయన ఉన్నాడు. కానీ ఆ మందు పేరు వినగానే ఆయన చేతులెత్తేశాడు. కొందరికి పడదు, ఏమన్నా అయితే నా మీదికొస్తుందన్నాడు. దానికి రాయచూరే పోవాలి. నాన్న మూడు వారాలకొకసారి కూలి మానుకోలేడు. అవ్వకు మోకాళ్ల నొప్పులు.

"నేను తీసుకపోతా," అన్నారు సారు. "మూడు వారాలంటే శనివారం నుంచి శనివారానికే వస్తది."

అలా మొదలయ్యాయి మా శనివారాలు.

ఒంటిపూట బడి కాగానే అవ్వ మూట కట్టిచ్చేది. జొన్నరొట్టె, మేం పుండికూర అనే గోంగూర, వేరుశనగ పొడి. సారూ నేనూ పత్తి చేలగట్ల వెంట చిక్కసూగూరుకు నడిచేవాళ్లం. ఉత్తరాన ఎక్కడో కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడేవి. కృష్ణ వైపు నుంచి గాలి వీచేది. బస్సులో కిటికీ పక్క చోటు నాది. నా చెయ్యి ఎగిరి పక్కవాళ్లకు తగలకుండా సారు ఇటువైపు కూర్చునేవారు. మొదటి నెలల్లో ఆయన భుజం మీద, చెవి మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో! ఒకసారి కళ్లద్దాలు ఎగిరి డ్రైవరు దగ్గర పడ్డాయి. బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వారు. నేనూ నవ్వాను, ఏడవకుండా.

ఆ సూది నొప్పి చెప్పలేను. మందు చిక్కగా పాలలా ఉండేది. తుంటిలోకి ఎక్కుతుంటే కాలంతా సీసం పోసినట్టయ్యేది. అయ్యాక అరగంట అక్కడే కూర్చోబెట్టేవారు. తర్వాత సారు, "నడువు, నడిస్తేనే కాలు పట్టదు" అని నన్ను బజారంతా తిప్పేవారు. కుంటుకుంటూ తీన్ కందిల్ చౌరస్తా దాకా పోయేవాళ్లం. అక్కడ ఒక దుకాణంలో ఒగ్గరణి చేసేవారు, నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి. పక్కన మిరపకాయ బజ్జీలు. ఆ వాసనకు కాలు నొప్పి సగం తగ్గేది. చీకటి పడేలోగా నన్ను ఇంటికి చేర్చి, సారు మళ్లీ రాయచూరు బస్సెక్కేవారు.

నేను తెలుగు చదవడం నేర్చుకుంది ఆ శనివారాల్లోనే. మా బడిలో తెలుగు లేదు. సారు బస్టాండులో తెలుగు పేపరు కొనేవారు. అరగంట కూర్చోవాల్సిన చోట నా ముందు పరిచి, "ఇది నీకు వచ్చిన అక్షరమే. కన్నడది కొంచెం తలకట్టు మార్చుకున్నది, అంతే" అనేవారు. ముందు పెద్ద అక్షరాలు. తర్వాత వాన కబుర్లు. తర్వాత పత్తి ధరలు. నేను చదివి ఇంటికొచ్చి అవ్వకు చెప్పేదాన్ని. తను మాట్లాడే మాటలు కాగితం మీద కూడా ఉంటాయని అవ్వకు అప్పటిదాకా నమ్మకం లేదు. "నా పేరు రాయి చూస్త" అంది ఒకరోజు. మారెవ్వ అని రాసి చూపించాను. ఆ కాగితం మడిచి రొంటిన దోపుకుంది.

మళ్లీ బాగా రాయడం కూడా అప్పుడే. చెయ్యి నిలబడేదాకా సారు బడిలో నాతో రాయించేవారు కాదు, నోటితోనే పాఠం అప్పగించుకునేవారు. ఉగాది దాటాక ఒకరోజు అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. నేను లోపలినుంచి మజ్జిగ తెచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె తాగలేదు. గ్లాసులోకే చూస్తోంది.

"ఏందవ్వా? పురుగు పడ్డదా?"

"అంచు దాక పోసినవ్," అంది. "ఒక్క చుక్క కూడ ఒలకలే."

నేను నా చెయ్యి చూసుకున్నాను. అది ఊరికే ఉంది. ఎప్పటినుంచి ఊరికే ఉంటోందో నాకే తెలియదు. అవ్వ ఆ గ్లాసు పక్కన పెట్టి నన్ను ఒళ్లోకి లాక్కుంది. ఆమె ఏడవడం చూసింది ఆ ఒక్కసారే.

నాలుగేళ్లు గడిచాక సారుకు దూరాన లింగసుగూరుకు బదిలీ అయింది. నాకప్పుడు పద్నాలుగు. పోయే ముందు మా ఇంటికొచ్చి, గోడకున్న క్యాలెండరు దించి, మూడు వారాలకొక తారీఖు చుట్టూ గీత గీశారు. "ఇప్పుడు పెద్దదానివైనవ్. బస్సు తెలుసు, దవాఖాన తెలుసు. ఒక్కదానివే పో. నేను కార్డు రాస్తా" అన్నారు.

రాశారు. ప్రతి మూడో గురువారం మా ఊరికి ఒక పోస్టుకార్డు వచ్చేది. తెలుగులో. "ఎల్లుండి సూది. మరువకు. ఇక్కడ జొన్న బాగుంది. అవ్వను అడిగినట్టు చెప్పు." ఇంతే. నేను సూది వేయించుకుని సోమవారం జవాబు రాసేదాన్ని. మా ఊళ్లో అన్నేళ్లపాటు ఉత్తరాలు వచ్చిన ఇల్లు మాదొక్కటే. పోస్టు మనిషి గుమ్మం ఎక్కకుండానే, "మాదీ, ఎల్లుండి సూది" అని అరిచి కార్డు పడేసి పోయేవాడు.

నాకు పదహారేళ్లప్పుడు అవ్వ పోయింది. మరుసటి ఏడు నేను రాయచూరు కాలేజీలో చేరాను. అప్పుడే అమ్మకు నా పెళ్లి బెంగ పట్టుకుంది. గూగల్ అనే ఊరి వైపునుంచి ఒక సంబంధం మాటల్లో ఉంది.

"ఆ సూది సంగతి ఎవరికీ తెల్వొద్దు," అంది అమ్మ. "పిల్లకు ఏమో బిమారి ఉన్నదంటరు. చెయ్యి బాగయి ఏడేండ్లాయె. ఇంకెందుకు?"

నాకూ అలాగే అనిపించింది. తోటి పిల్లలు శనివారం నవ్వుకుంటూ ఇళ్లకు పోతుంటే, నేనొక్కదాన్నే కుంటుకుంటూ బస్టాండుకు పోవడం విసుగొచ్చింది. ఒక సూది తప్పించాను. ఏమీ కాలేదు. ఇంకోటి తప్పించాను. సారు కార్డుకు మాత్రం జవాబు రాశాను: "వేయించుకున్నాను. క్షేమం." అవ్వ ఉంటే నా ముఖం చూసి కనిపెట్టేది. అవ్వ లేదు.

వానాకాలంలో గొంతు నొప్పి వచ్చి పోయింది. తర్వాత కొన్నాళ్లకు కాలేజీలో నోట్సు రాస్తుంటే వేళ్లు అలసినట్టుండేవి. పెన్ను మంచిది కాదనుకున్నాను. నాలుగో కార్డుకు కూడా అదే జవాబు రాసి డబ్బాలో వేశాను.

ఆ శుక్రవారం పొద్దున్నే సారు మా ఇంటి ముందర నిలబడి ఉన్నారు. లింగసుగూరు నుంచి మొదటి బస్సుకు బయల్దేరి వచ్చారు. చెమట కూడా తుడుచుకోకుండా మంచం మీద కూర్చుని, చొక్కా జేబులోంచి రెండు కార్డులు తీసి పక్కపక్కన పెట్టారు. రెండూ నేను రాసినవే.

"ఇది మొన్న ఎండాకాలంల రాసింది. ఇది ఈ వారం వచ్చింది. నువ్వే చూడు బిడ్డా."

చూశాను. మొదటి కార్డులో అక్షరాలు చక్కగా ఉన్నాయి. రెండోదానిలో 'క్షేమం' లోని సున్న మూసుకోలేదు. 'వేయించుకున్నాను' మధ్యలో ఒక గీత పక్కకు జారి కింది వరుసను తాకింది. రాసేటప్పుడు నాకు తెలియనే లేదు.

"వేయించుకున్ననని నువ్వు రాసినవ్," అన్నారు. "నీ చెయ్యి ఇంకోటి రాసింది. నేను ఒకసారి నీ రాత చూసి తప్పు అర్థం చేసుకున్న. మళ్లీ చేసుకోలేను."

అమ్మ లోపలినుంచి వచ్చి, గుమ్మం పట్టుకుని, జరిగింది చెప్పేసింది. తప్పంతా తనదేనంది. గూగల్ వాళ్లు ఆదివారం నన్ను చూడడానికి వస్తున్నారని కూడా చెప్పింది. సారు కోప్పడలేదు. "అమ్మా, నీ బాధ నాకు తెలుసు. ఆదివారం వాళ్లు వస్తున్నరు కద, నేను ఉంటా" అన్నారు. అదే రోజు నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. ఆమె జుట్టు అప్పటికి నెరిసింది. తన రెండు వేళ్లు నా చేతిలో పెట్టింది. పట్టు బిగిసింది, వదులైంది. ఆమె నిట్టూర్చింది.

"తొందరగ పట్టుకున్నరు. ఇంకో నెల ఆగి ఉంటే గుండె సంగతి చెప్పలేకపోదును," అంది. "ఎవరు కనిపెట్టిన్రు? అవ్వేనా?"

"అవ్వ లేదమ్మా," అన్నాను. అప్పుడు మాత్రం ఏడుపు ఆగలేదు.

ఆదివారం పెళ్లివాళ్లు వచ్చారు. చాయ్ తాగుతుండగా సారే చెప్పేశారు: "పిల్లకు చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చింది. ఇరవై ఐదేళ్లు వచ్చేదాక మూడు వారాలకొక సూది వేయించాలె. వేయిస్తే అందరి లెక్కనే ఉంటది. వేయించేటోళ్లకే ఇస్తం." వాళ్లు చాయ్ గ్లాసులు కింద పెట్టి, ముహూర్తాలు చూసి కబురు చేస్తామని పోయారు. కబురు రాలేదు. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. నేను లోపల్లోపల సంతోషపడ్డాను. నాకు పదిహేడేళ్లు, ఇంకా చదువుకోవాలని ఉంది.

రెండు నెలల్లో చెయ్యి మళ్లీ నిలబడింది. ఆ తర్వాత ఒక్క సూది తప్పలేదు. డిగ్రీ చదివాను, కుట్టుపని నేర్చుకున్నాను. మంజునాథ్‌తో పెళ్లి మాటలప్పుడు నేనే ముందుగా సూది సంగతి చెప్పాను. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. అంతా విని, "డిపో పక్కనే కద దవాఖాన. నేనొస్తా తోడు" అన్నాడు. ఇరవై ఐదో ఏట గుండె పరీక్ష చేసి, తలుపు బాగానే మూసుకుంటోందని, సూదులు ఇక చాలని చెప్పారు. అప్పటికి కార్డుల కాలం పోయింది. సారుకు ఫోను చేసి చెప్పాను. "ఆఁ, మంచిది. మంచిది," అన్నారు. "మరి శనివారం ఏం చేస్తవింక?"

ఏం చేయాలో నాకు నిజంగానే తోచలేదు. మొదటి కొన్ని శనివారాలు ఊరికే బస్టాండుకు పోయి, పేపరు కొనుక్కుని వచ్చేదాన్ని.

ఇప్పుడు మాకు రాయచూరులోనే చిన్న ఇల్లు. ముందర గదిలో నా కుట్టుమిషన్లు మూడు. మా అర్పితకు ఈ ఏడు పదేళ్లు నిండాయి. దానికి గొంతు కొంచెం గరగరమన్నా నేను డాక్టరు దగ్గరికి పరిగెత్తుతాను. ఆయన నవ్వుతాడు, అయినా పరీక్ష చేసే పంపిస్తాడు. పోయిన నెల దాన్ని తీసుకుని లింగసుగూరు పోయాను. సారుకు డెబ్బై దాటాయి. రిటైరయ్యాక అక్కడే ఉండిపోయారు. చెవి సరిగ్గా వినబడదు. మమ్మల్ని చూసి, "మా ఊరి పిల్ల వచ్చింది" అని ఇంట్లోకి కేకేశారు. ఆయన పుట్టింది రాయచూరులో. మా ఊళ్లో ఉన్నది ఏడేళ్లే.

అర్పిత పెరట్లో తిరుగుతుంటే ఆయన మెల్లగా అడిగారు. "నిన్ను కొట్టిన సంగతి నీ బిడ్డకు చెప్పినవా?"

"లేదు సార్. శనివారాల సంగతి చెప్పిన. కార్డుల సంగతి చెప్పిన."

"అది కూడ చెప్పు. చెప్పకపోతే నా గురించి సగమే తెలుస్తది దానికి."

అర్పితను పిలిచి, ఆయన ముందే చెప్పాను. అది ఆయన్ని కన్నార్పకుండా చూసింది. "మస్తు నొప్పయిందా అమ్మా?" అని అడిగింది. అయిందన్నాను. ఆయన తల ఊపారు. ఈలోగా లోపలినుంచి ఆయన భార్య భోజనానికి పిలిచింది. సారు లేచి, అర్పిత భుజం మీద చెయ్యి వేసుకుని నడిచారు.

సాయంత్రం బస్సెక్కాం. దారిలో కవితాళ ఊరి దగ్గర బస్సు ఆగితే ఉడకబెట్టిన శనక్కాయలు కొన్నాను. అర్పిత ఒక్కొక్కటే వలుచుకుంటూ, "అమ్మా, మీ అవ్వ ఎట్ల ఉండేది?" అని అడిగింది. ఇంట్లో అవ్వ ఫొటో ఒక్కటి కూడా లేదు. పొట్టిగా ఉండేదని చెప్పాను. ముక్కుకు రెండు పక్కలా పుడకలుండేవని, పొయ్యి ముందర కూర్చుని రొట్టె తడుతుంటే ఆ చప్పుడు వీధి చివరిదాకా వినబడేదని చెప్పాను. అది ఇంకా అడిగింది. నేను ఇంకా చెప్పాను. రాయచూరు దీపాలు కనబడేదాకా చెబుతూనే ఉన్నాను.